కెప్టెన్ గారి తమ్ముడు

ఆ రోజు ఉదయం ల్యూబెన్ గర్వలోవ్ చేయవలసిన పనులు మూడే. గడ్డం గీసుకోవడం, బస్సెక్కడం, పదకొండు గంటలకు స్టూడియోలో ఒక చిన్న డైలాగు చెప్పడం. డెబ్భై ఆరేళ్ళ మనిషికైనా ఇదేం పెద్ద పని కాదు. కానీ ఆ డైలాగు కోసం ఆయన ఏడుసార్లు స్టూడియో మెట్లెక్కాడు, ఆరుసార్లు "చూద్దాం లెండి" అనిపించుకుని దిగాడు.

ముప్పై ఏడేళ్ళ కిందట బల్గేరియాలో ఆదివారం సాయంత్రమైతే వీధుల్లో పిట్ట కనిపించేది కాదు. అందరూ ఇళ్ళలో కూర్చుని "వెచెర్నిత్సా" సీరియల్ చూసేవారు. వెచెర్నిత్సా అంటే సంజె చుక్క. ఆ కథలో అంతరిక్ష నౌకకు అదే పేరు. దాన్ని నడిపిన కెప్టెన్ స్త్రుమ్‌స్కి మన ల్యూబెనే. తర్వాత ప్రభుత్వం మారింది, అట్టముక్కల నౌక ఎవరి కోళ్ళగూటికో కప్పయింది, కెప్టెన్ గారు దగ్గుమందు ప్రకటనలకు గొంతు అరువిస్తూ బతికాడు.

ఇప్పుడు అదే కథను కొత్త నటులతో మళ్ళీ తీస్తున్నారు. పాతవాళ్ళలో ల్యూబెన్ ఒక్కడికే చోటు దొరికింది. మొదటి భాగంలో ముసలి కెప్టెన్ కన్నుమూసే ముందు నౌకను కొత్త కెప్టెన్‌కు అప్పగిస్తూ, "నౌక నీది. భయం మాత్రం నా దగ్గర వదిలి వెళ్ళు" అంటాడు. అంతే. కెమెరా ముందు ఆ ఒక్క మాట అనేసి ఇక పోయినా ఫరవాలేదు అనుకున్నాడు ల్యూబెన్. అలాంటివి అనుకునేటప్పుడు మనిషి కాస్త జాగ్రత్తగా ఉండాలి.

స్నానాల గదిలో నీళ్ళు వదిలి, ఆ మాటను పధ్నాలుగు రకాలుగా అని చూసుకుని, ఉన్నంతలో మంచి కోటు తొడుక్కుని దిగేసరికి పది దాటింది. కింద గుమ్మం దగ్గర, ఆ భవనం వ్యవహారాలన్నీ చూసే త్సోన్కా కుర్చీ ఎక్కి తలుపుకు నల్లగుడ్డ కడుతోంది.

"ఎవరు పోయారమ్మా?" అని అడిగాడు.

త్సోన్కా వెనక్కి చూసి కెవ్వుమంది. కుర్చీ మీంచి తూలి ఆయన భుజమే పట్టుకుంది.

"మీరే!" అంది.

తలుపు మీద చావు కాగితం ఉంది. సోఫియాలో మనిషి పోతే ఫొటో వేసి ఇంటి తలుపుకు, బస్‌స్టాపులకు, స్తంభాలకు కాగితాలు అంటించడం మామూలే. ఈ కాగితం మీద కెప్టెన్ టోపీలో ముప్పై తొమ్మిదేళ్ళ ల్యూబెన్ నవ్వుతున్నాడు. "విషాద వార్త. మనల్ని నక్షత్రాల మధ్య నడిపించిన కెప్టెన్ స్త్రుమ్‌స్కి ఇక లేరు. అంతిమ వీడ్కోలు నేడు మధ్యాహ్నం పన్నెండు గంటలకు, స్టూడియో గేటు వద్ద." అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో: "వెచెర్నిత్సా. కొత్త బృందంతో, ఈ శరత్కాలం నుంచి."

"ఇది సీరియల్ ప్రకటనమ్మా! కింద రాసింది చదవలేదా?"

"చావు కాగితం కిందదాకా ఎవరు చదువుతారండీ? ఫొటో చూస్తాం, టైము చూస్తాం. మీ బెల్లు ఎన్నిసార్లు కొట్టానో! పలికితేగా? పోయారనుకుని ఏడ్చుకుంటూ గోధుమలు ఉడకేశా, పంచదార కలిపా, అక్రోట్లు దంచి పోశా. ఇంత గిన్నెడు ఇప్పుడేం చేసుకోను?"

"తినేద్దాం."

"పోయినవాళ్ళ పేరు మీద పంచేదండీ అది!"

"నా పేరు మీదేగా."

త్సోన్కా విసురుగా లోపలికి పోయి కాగితపు గ్లాసులో గోధుమలు తెచ్చి చేతిలో పెట్టింది. అలవాటు కొద్దీ "దేవుడు ఆయన్ని క్షమించుగాక" అంది. అలవాటు కొద్దీ ల్యూబెన్ కూడా "క్షమించుగాక" అని రెండు చెంచాలు తిన్నాడు. పంచదార కాస్త తక్కువైంది.

"ఇంకో మాట కెప్టెన్ గారూ," అంటూ త్సోన్కా కుర్చీ మడవసాగింది. "స్టూడియోకి ఫోన్ చేసి చెప్పేశా."

"ఏమని?"

"గర్వలోవ్ గారు పోయారు, ఇవాళ షూటింగుకి రారని. వాళ్ళు పాపం మీకోసం కాచుక్కూచోకూడదుగా?"

ల్యూబెన్ జేబులోంచి ఫోన్ తీశాడు. స్టూడియోకు ఫోన్ చేశాడు. లైను ఖాళీ లేదు. మళ్ళీ చేశాడు. ఊరంతా అదే నంబరుకు ఫోన్ చేసి ఏడుస్తోందని ఆయనకేం తెలుసు? బస్‌స్టాపుకు పరుగెత్తాడు.

అక్కడ తన చావు కాగితాలు వరసగా నాలుగున్నాయి. కోపం పట్టలేక ఒకదాన్ని చించాడు. రెండోదాని మీద చెయ్యి వేసేసరికి వెనక నుంచి గొడుగు దెబ్బ పడింది.

"పోయినవాడి కాగితం చింపుతావా? నీ చేతులు పడిపోనూ!" గొడుగు పట్టుకున్న ముసలామె ఊగిపోతోంది. "అంత మంచి మనిషి కాగితం! నీకు సిగ్గూ శరం లేదూ?"

నలుగురూ పోగయ్యారు. నేనే అతన్ని అని చెబితే ఎవరూ నమ్మరని ల్యూబెన్‌కు వాళ్ళ ముఖాలు చూస్తేనే తెలిసింది. ఫొటోలో జుట్టు ఒత్తుగా ఉంది. ఇక్కడ టోపీ తీస్తే ఏమీ లేదు. పదకొండు దగ్గర పడుతోంది. ముసలామె ముఖంలో ముఖం పెట్టి చూసింది.

"ఆగండాగండి. ఆ ముక్కు చూడండి. నువ్వు ఆయన తమ్ముడివా నాయనా?"

"అవును," అన్నాడు ల్యూబెన్. దాంతో వదిలేస్తారనుకున్నాడు.

వదల్లేదు. గొడుగు ముసలామె ఆయన్ని కౌగిలించుకుని భోరుమంది. చేతిలోని రెండు ఎర్ర పూలు ఇచ్చింది. బతికున్నవాళ్ళకైతే బేసి లెక్కన ఇస్తారు, పోయినవాళ్ళకే సరి లెక్క. ల్యూబెన్ రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. బస్సు రాగానే నలుగురు కలిసి ఎక్కించారు.

"డ్రైవరూ, కెప్టెన్ స్త్రుమ్‌స్కి తమ్ముడయ్యా ఈయన! చావుకి పోతున్నాడు!"

యాభై ఏళ్ళ డ్రైవరు లేచి నిలబడి టోపీ తీశాడు. "ఇవాళ మధ్యలో ఎక్కడా ఆగేది లేదు. కెప్టెన్ దగ్గరికే పోదాం."

"బాబూ, నేను పంటి డాక్టరు దగ్గర దిగాలి," అన్నాడు వెనక సీటాయన.

"పళ్ళు ఎక్కడికీ పోవు. కెప్టెన్ పోయాడు."

అలా పంటినొప్పి వాడితో సహా బస్సు మొత్తం గేటు దగ్గర దిగింది. అక్కడ అప్పటికే ఆరేడు వందల మంది నిలబడి ఉన్నారు. ఒకాయన చిన్నప్పటి ప్లాస్టిక్ నౌక బొమ్మను గుండెకు అదుముకుని ఏడుస్తున్నాడు. ల్యూబెన్‌కు సంతోషమేసింది, వెంటనే సిగ్గేసింది, ఆపైన ఒళ్ళు మండింది. ముప్పై ఏడేళ్ళలో ఏ ఒక్క ఆదివారమైనా వీళ్ళలో ఒక్కడు వచ్చి తలుపు తట్టలేదు. చచ్చిపోగానే అందరికీ దారి తెలిసింది.

గేటు దగ్గర కాపలావాడు జాబితా చూశాడు. ల్యూబెన్ గర్వలోవ్ పేరు మీద గీత కొట్టి ఉంది.

"ఆయన ఇవాళ రారండీ. పోయారు," అన్నాడు మెల్లగా.

"తమ్ముడయ్యా! లోపలికి పోనీ!" అని జనం అరిచారు. తమ్ముణ్ణి పోనిచ్చారు.

లోపల దర్శకుడు కామెన్ ఆయన్ని చూసి తెల్లబోయాడు. పక్కనే ఉన్న వియొలీనా చేతిలోని కాఫీ ఒలకబోసుకుంది. కాగితాలు అంటించే ఆలోచన ఆమెదే. ప్రచారం పనంతా ఆమె చూస్తుంది. ల్యూబెన్ ఏడుసార్లు కలిసింది ఈ ఇద్దరినే కాబట్టి ఆయన ముఖం వాళ్ళకు తెలుసు.

"మీరు... పోయారన్నారే!" అన్నాడు కామెన్.

"మీ కాగితం చూసి మా త్సోన్కా అనుకుంది. త్సోన్కా మాట విని మీరు అనుకున్నారు. ఇక సీను మొదలుపెడదామా?"

"సీను ఎత్తేశాం గర్వలోవ్ గారూ. అప్పగింతే లేదు. నౌక ఖాళీగా ఉంటుంది, కొత్త కెప్టెన్ అమ్మాయి వచ్చి కూర్చుంటుంది."

"అయితే మళ్ళీ పెట్టండి. బతికే ఉన్నానుగా."

వియొలీనా తలుపు మూసింది. "బాబాయ్ గారూ, ఒక్క మాట వినండి. పదింటికి టీవీవాళ్ళు అడిగితే నిజమే, పోయారని మేమే చెప్పాం. ఉదయం నుంచి దేశమంతా ఏడుస్తోంది. ఇప్పుడు బతికున్నారంటే, ప్రచారం కోసం చావు నాటకం ఆడామంటారు. సీరియల్ ఇక్కడితో సరి. ఇంతమంది పని పోతుంది."

"నన్నేం చెయ్యమంటావ్? చావమంటావా?"

"చావక్కర్లేదు. తమ్ముడిగా ఉండండి. కెప్టెన్ పోయాడు, ఆయన తరఫున తమ్ముడు వచ్చి నౌక అప్పగిస్తాడు. డైలాగు అదే. కావాలంటే దగ్గర్నుంచి తీస్తాం, ముఖమంతా కనిపించేట్టు."

"ఎన్నాళ్ళు ఉండాలి?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "సీరియల్ అయ్యేదాకా," అన్నాడు కామెన్. "మూడేళ్ళు అనుకుంటున్నాం."

"మరి నా పేరు?"

"మొట్టమొదటే వస్తుంది. 'స్వర్గీయ ల్యూబెన్ గర్వలోవ్ స్మృతికి' అని, తెర నిండా." వియొలీనా గొంతు తగ్గించింది. "ఇదివరకైతే ఆఖర్న, వంటవాళ్ళ తర్వాత వేద్దామనుకున్నాం."

బయట జనం పాత సీరియల్ పాట ఎత్తుకున్నారు. పక్క గదికి వెళ్ళి కిటికీ తీసి "నేను బతికే ఉన్నాను" అని ఒక్క కేక వేస్తే చాలు. పేరు దక్కుతుంది, డైలాగు పోతుంది. ఆ తర్వాత మళ్ళీ దగ్గుమందే.

"తమ్ముడి పేరు వెలిజార్ అని రాసుకోండి," అన్నాడు ల్యూబెన్. అది వాళ్ళ నాన్న పేరు.

సెట్టులో నలభై దాటినవాళ్ళు లేరు. ఆయన్ని ఎవరూ గుర్తుపట్టలేదు. కొత్త కెప్టెన్‌గా వేస్తున్న రాయా కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ల్యూబెన్ ఆమె ఎదుట నిలబడ్డాడు. స్నానాల గదిలో అన్న పధ్నాలుగు రకాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. తన చావుకు తనే వచ్చి ఉన్నాడు. మాట దానంతటదే వచ్చింది.

"నౌక నీది. భయం మాత్రం నా దగ్గర వదిలి వెళ్ళు."

కట్ చెప్పడం కామెన్ మరిచిపోయాడు. లైట్లు పట్టుకున్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ముప్పై ఏడేళ్ళ కిందట కూడా ల్యూబెన్ అంత బాగా చెయ్యలేదు. ఆ సంగతి అక్కడ తెలిసింది ఆయనొక్కడికే.

రాయా వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. "చాలా బాగా చెప్పారు బాబాయ్ గారూ. కానీ ఏమీ అనుకోకండి, ఇదే మాట మీ అన్నయ్య అనుంటే ఆ తీరే వేరు."

ల్యూబెన్ తల దించుకున్నాడు.

"నిజమేనమ్మా," అన్నాడు. "అన్నయ్య బతికున్నన్నాళ్ళూ నన్నెవరూ పిలవలేదు."