అంగుళాల దొంగ

పొద్దున్నే రేడియోలో "మధ్యాహ్నం నుంచి ఈదురుగాలి" అన్నారు. పళ్లు తోముకుంటున్న శంకారావు చెవికి అది "ఎదురుగా ఆలి" అని వినిపించింది. తలెత్తి చూస్తే నిజంగానే ఎదురుగా ఆలి, చేతిలో తువ్వాలుతో. ఆవిడ ఎక్కడ నిలబడిందో రేడియోవాడికి ఎలా తెలిసింది? శంకారావు బ్రష్షు నోట్లో ఉండగానే వెళ్లి కిటికీ తలుపులు మూశాడు.

"గాలండీ, గాలి. ఈదురుగాలి," అంది ఆవిడ. "ఇవాళ మీ జెండా దింపించండి."

"మా జెండా సంగతి నీకెందుకు?"

ఆవిడ ఏదో అనబోయి, తువ్వాలు ఆయన భుజం మీద పడేసి లోపలికి వెళ్లిపోయింది. అనేవాళ్ల కంటే అనబోయి మానేసేవాళ్లంటే ఆయనకు మరీ అనుమానం.

శంకారావు అన్నది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది కానీ, హాజరుపట్టీ మీద కూడా ఆయనకు నమ్మకం తక్కువ. బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలించే ఉద్యోగం. ఇల్లు కాలిపోయిందని ఎవరైనా ఏడుస్తూ వస్తే పొగ ఏ రంగులో వచ్చిందని అడుగుతాడు. కారు గుంటలో పడిందంటే గుంట ముందా, కారు ముందా అంటాడు. బీమా కంపెనీ జనానికి ఇచ్చేది ధీమా. ఈయన ఇచ్చేది చెమటలు.

ఆ ఆఫీసు ముందు ముప్ఫై అడుగుల స్తంభం, దాని మీద కంపెనీ జెండా: నీలం గుడ్డ, మధ్యలో తెల్ల గొడుగు. వానలు మొదలయ్యాక మూడు జెండాలు చిరిగి పీలికలయ్యాయి. నాలుగోది శంకారావుకు అప్పగిస్తూ, ఇది కూడా పోతే క్లెయిముల సెక్షన్ నుంచి తీసి పాలసీలు అమ్మడానికి పంపుతానని మేనేజరు చెప్పేశాడు. ఇరవై రెండేళ్లుగా కుర్చీలో కూర్చుని, ఎదుటివాళ్లు చెప్పుకునేది విని పెదవి విరిచిన మనిషి, ఇక గడప గడపకూ వెళ్లి తానే నాలుగు మాటలు చెప్పుకోవాలి. నమ్మడమే చేతకానివాడు ఒకర్ని నమ్మించడం ఎలా?

అందుకని జెండాను కంటికి రెప్పలా కాశాడు. కాస్తుండగా ఒక ఘోరం బయటపడింది. గొడుగు కదులుతోంది. మొదట్లో జెండాకు సరిగ్గా నడుమ ఉన్న గొడుగు కాస్తా బయటి అంచు వైపుకు జరిగింది. టేపు పెట్టి కొలిస్తే జెండా పొడవు మూడు అంగుళాలు తక్కువ. పది రోజులు పోయాక ఇంకో రెండు. గాలికి చిరిగితే దారాలు వేలాడాలి కదా? అంచు చూస్తే నాలుగు వరసల కుట్టుతో నున్నగా ఉంది. జెండా ఎగరేసేవాళ్లను చూశాడు గానీ, అంగుళాల చొప్పున ఎగరేసుకుపోయేవాళ్లను ఆయన చూడటం ఇదే మొదలు.

జెండా పొట్టిదైన కొద్దీ శంక పొడుగైంది. మొదటి అనుమానం వాచ్‌మన్ మీద. ఒకప్పుడు ఓడల మీద పనిచేసి వచ్చిన పెద్దమనిషి, తాళ్ల సంగతి క్షుణ్ణంగా తెలిసినవాడు. మబ్బు పట్టగానే జెండా దింపి సంచిలో పెట్టుకుపోతాడు, ఎల్లుండికి తెస్తాడు. వాన వస్తే గొడుగునే లోపల దాచే ఆఫీసు ఇంకెక్కడైనా ఉందా? ఏం చేశావంటే "ఆరేశాను సార్" అంటాడు. ఎక్కడ ఆరేశావంటే తల గోక్కుంటాడు.

రెండో అనుమానం మేనేజరు మెడకు చుట్టుకుంది. ఆయన టై అచ్చం అదే నీలం. శంకారావు టై బాగుందని మెచ్చుకుంటూనే టేపు తీసి కొలిచేశాడు. తనకెవరో చొక్కా కుట్టిస్తున్నారనుకుని మేనేజరు మెడ కొలత కూడా చెప్పాడు. శంకారావు రెండూ రాసుకున్నాడు.

ఇవాళ నాలుగింటికి కంపెనీ ఛైర్మన్ మేడమ్ వస్తారు. ఆవిడ ముందు పెట్టడానికి మూడు పేజీల నివేదిక సిద్ధం. దొంగ పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలాడు. అంతవరకూ జెండా ఎవరూ దింపకుండా, పొద్దున ఆఫీసుకు రాగానే స్తంభం మొదట్లో తాడు ముడికి గొలుసు చుట్టి తాళం వేశాడు. తాళంచెవి చొక్కా లోపలి జేబులో వేసుకున్నాడు.

రెండింటికి వాచ్‌మన్ వచ్చాడు.

"తాళం తీయండి సార్. గాలి లేస్తోంది, జెండా దింపాలి."

"లేస్తోందని ఎవరు చెప్పారు?"

"పడమటి దిక్కు చూడండి సార్, ఎలా కమ్ముకొచ్చిందో."

"దిక్కు చూపించేదీ నువ్వే, జెండా దింపేదీ నువ్వే. మరి సాక్షి ఎవరు?"

వాచ్‌మన్ వెళ్లి మేనేజరును సాక్షిగా తీసుకొచ్చాడు. ఆ టైని చూడగానే ఇద్దరూ ఒకటేనని శంకారావుకు రూఢి అయిపోయింది. మేనేజరు తాళంచెవి ఇమ్మన్నాడు. శంకారావు రాతపూర్వకంగా అడగమన్నాడు. మేనేజరు పళ్లు కొరుకుతూ రాయబోతే గాలి ఆ కాగితాన్నే ఎత్తుకుపోయింది. అయినా శంకారావు చలించలేదు. గాలి గురించి వచ్చేవన్నీ గాలికబుర్లేనని తేల్చి, కుర్చీలో కాలు మీద కాలు వేసుకున్నాడు.

మూడున్నరకు ఆ గాలికబురు కిటికీ అద్దం పగలగొట్టుకుని లోపలికే వచ్చింది. బయట స్తంభం ఊగుతోంది, తాడు ఈలలు వేస్తోంది, జెండా నిలువునా చీలుతోంది. శంకారావు వానలో పరుగెత్తి తాళం తీశాడు కానీ, తడిసిన తాడు గొలుసు కింద బిగుసుకుపోయింది. గోళ్లతో లాగుతుండగా పైన కొక్కెం విరిగింది. జెండా ఒక్కసారి ఆయన నెత్తి మీదుగా చక్కర్లు కొట్టి, ఎదురు వీధి మేడల మీదుగా ఎటో పోయింది.

పక్కన వాచ్‌మన్ ఫోనులో ఎవరితోనో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "చెల్లెమ్మా, పోయింది. దాచింది తీసుకుని తొందరగా వచ్చేయండి."

శంకారావు చెవులు నిక్కబొడుచుకున్నాయి. ముఠాలో ఆడమనిషి కూడా ఉందన్నమాట.

వాన కాస్త తెరిపి ఇచ్చేసరికి ఛైర్మన్ కారు ఆగింది. తెల్లజుట్టు, పొట్టి మనిషి, నెమ్మదైన గొంతు. బోడి స్తంభాన్ని కింది నుంచి పైదాకా చూసి జెండా ఏదని అడిగింది. మేనేజరు శంకారావు వైపు చూశాడు. శంకారావు తడిసి ముద్దైన నివేదిక తీసి, వరండాలో అందరి ముందూ చదవడం మొదలుపెట్టాడు. అంగుళాలు, తేదీలు, టై కొలత, అన్నీ వచ్చాయి. మెడ కొలత వచ్చేసరికి మేనేజరు కాలరు సర్దుకున్నాడు. దొంగ పేరు దగ్గర ఆగి, ఆ ముఠా మనిషి దారిలోనే ఉందని, చేతిలో సరుకుతో సహా దొరుకుతుందని చెప్పాడు.

చెప్పినట్టే ఆటో వచ్చింది. అందులోంచి పెద్ద సంచితో ఆయన భార్య దిగింది. వాచ్‌మన్ ఎదురెళ్లి సంచి అందుకున్నాడు.

"ఇదిగో అన్నయ్యా, చిరిగిన ఆ మూడింటిలో మంచి గుడ్డంతా కలిపి కుట్టాను. కొక్కాలు కూడా గట్టివి వేశాను," అంది ఆవిడ. అప్పుడు భర్తను చూసింది, ఆయన చేతిలో కాగితాలు చూసింది. విషయం అర్థమైంది.

ఆవిడ ఛైర్మన్‌కు నమస్కారం పెట్టి అందరికీ వివరంగా చెప్పింది. గాలికి జెండా అంచు రేగిపోతుంది. రేగినంత మేర కత్తిరించి, మడిచి కుట్టకపోతే ఆ చిరుగు మధ్యదాకా పాకుతుంది. మబ్బు పట్టినప్పుడల్లా వాచ్‌మన్ తెచ్చిస్తున్నాడు, ఆవిడ తన మిషను మీద కుట్టి పంపుతోంది.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు శంకారావు.

"చెబితే సూది ఎక్కడిది, దారం ఎవరిచ్చారు, సాక్షి ఎవరు అంటారు. అవన్నీ తేలేసరికి జెండా చిరిగేది, మీరు పాలసీలు అమ్ముకుంటూ తిరిగేవారు. నేను చేసింది కుట్టు అండీ, కుట్ర కాదు."

"కత్తిరించిన ముక్కలేవి?" ఆఖరి ఆశతో అడిగాడు.

"జేబులో చూసుకోండి. నెల రోజులుగా కళ్లద్దాలు దేంతో తుడుచుకుంటున్నారు?"

శంకారావు జేబులోంచి గుడ్డముక్క తీశాడు. నీలం. రెండంగుళాలు. ఈసారి టేపు అవసరం లేకపోయింది.

అందరూ నవ్వకుండా ఉండటానికి నానా తంటాలూ పడుతున్నారు. ఛైర్మన్ మాత్రం మామూలుగానే అడిగింది. "ఈ జెండా గాలికి పోయిందని మీ దగ్గరికి క్లెయిము వచ్చిందనుకోండి. ఏం రాస్తారు?"

గాలే కారణమని ఒక్క ముక్క రాస్తే కుర్చీ నిలుస్తుంది. పగిలిన అద్దం కూడా సాక్ష్యం చెబుతుంది. శంకారావు కాగితం తీసుకుని మూలకు వెళ్లాడు. వాచ్‌మన్‌ను ప్రశ్నించాడు, మేనేజరును ప్రశ్నించాడు. తర్వాత తనను తాను కటువుగా ప్రశ్నించుకుని, నీళ్లు నములుతూ జవాబులు చెప్పుకున్నాడు. ఆ జవాబులు ఆయనకే నమ్మబుద్ధి కాలేదు. అరగంటకు కాగితం తెచ్చి ఇచ్చాడు. ఛైర్మన్ పైకి చదివింది:

"జెండా గాలికి పోయిందన్నది సరికాదు. వాచ్‌మన్ ముందే హెచ్చరించాడు. బాధ్యుడు తాళంచెవి జేబులో పెట్టుకుని వాదిస్తూ కూర్చున్నాడు. ఇది పూర్తిగా నిర్లక్ష్యం. క్లెయిము తిరస్కరించడమైనది."

కింద పరిశీలకుడి సంతకం, బాధ్యుడి సంతకం, రెండూ ఒకటే.

"ఈయన్ని క్లెయిముల్లోనే ఉంచండి," అంది ఛైర్మన్ మేనేజరుతో. "అమ్మకాలకు పంపితే ఉన్నవాళ్లు కూడా పాలసీలు మానుకుంటారు. తాడు మాత్రం వాచ్‌మన్ చేతిలో ఉండాలి, కుట్టు ఈవిడ చేతిలో."

గాలి తగ్గాక వాచ్‌మన్ కొత్త జెండా ఎగరేశాడు. శంకారావు తన కుర్చీలోకి వెళ్లి, తిరస్కరించిన కాగితాన్ని ఫైలులో పెట్టాడు.

ఇరవై రెండేళ్లలో ఆయన కొట్టేసిన క్లెయిముల్లో ఎవరూ అప్పీలు చేసుకోనిది అదొక్కటే.