నీడలో ఉంచవలసిన శిల్పం

మా కాలనీ సంక్షేమ సంఘం కిందటేడు శ్రమను గౌరవించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. అంతకు ముందేడు నిశ్శబ్దాన్ని గౌరవించాం. అందుకోసం మైకులు పెట్టి మూడు రోజులు ఉపన్యాసాలు ఇప్పించాం. కాబట్టి గౌరవించడంలో మాకు అనుభవం లేదని ఎవరూ వేలెత్తి చూపలేరు.

శ్రమను ఏ రూపంలో గౌరవించాలన్న చర్చ వచ్చినప్పుడు, అధ్యక్షులవారు తమ బావమరిది ఉండే ఊళ్ళో చూసిన వింత ఒకటి సభ ముందుంచారు. అక్కడ ఒకాయన మోటారు రంపంతో నిలువెత్తు మొద్దుల్ని కోసి బొమ్మలు చేస్తాడట. ఉలి లేదు, సుత్తి లేదు. పొద్దున్నే రంపం మోగితే సాయంత్రానికి ఎలుగుబంటి తయారు. ఏ బొమ్మ కావాలన్నా, ఏ కొలతల్లో కావాలన్నా చేసిస్తాడు. పక్క కాలనీ వాళ్ళు అప్పటికే ఓ గద్దను చేయించుకున్నారని తెలియగానే సభలో ఎవరికీ వేరే అభిప్రాయం లేకుండా పోయింది.

మొద్దు కోసం వెతుక్కోనక్కరలేకపోయింది. పార్కు మూలన ముప్పై ఏళ్ళ నిద్రగన్నేరు చెట్టు ఊరికే నిలబడి ఉందని, దాన్ని కళగా మార్చే ఆలోచన ఇన్నాళ్ళూ మనకు తట్టకపోవడం విచారకరమని కార్యదర్శిగారు అన్నారు. ఆ చెట్టు కింద పదకొండేళ్ళుగా మిషనక్క కుట్టుమిషను పెట్టుకుని కూర్చునేది. కాలనీలో ఎవరి ప్యాంటు పొడవైనా, ఎవరి సంచి జిప్పు ఊడినా, ఏ పిల్ల యూనిఫారం బిగుతైనా ఆమె దగ్గరికే పరుగు. ఆమె అసలు పేరు మాకెవరికీ తెలియదు. జిప్పులు బాగానే పడుతున్నాయి గనక అడిగే అవసరం రాలేదు.

ఏ బొమ్మ చేయించాలన్న దగ్గర కాస్త పేచీ వచ్చింది. అధ్యక్షులవారికి సింహం మీద మనసు. మహిళా విభాగం వారు డాల్ఫిన్ అయితే తప్ప ఒప్పుకోమన్నారు. రిటైరైన లెక్చరరుగారు లేచి, "శ్రమ పేరు చెప్పి సింహాన్ని పెడితే నవ్వుతారండీ. అది రోజులో ముప్పాతిక భాగం పడుకునే ఉంటుంది" అన్నారు. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి మిషనక్క కనిపించింది. మిషను ముందు వంగి కూర్చున్న శ్రమజీవి! నమూనా ఎదురుగానే ఉంది, మొద్దు దాని నెత్తి మీదే ఉంది. ఇంత కలిసొచ్చే కళ ఇంకెక్కడ దొరుకుతుంది? సభ చప్పట్లతో ముగిసింది.

చెట్టుకు గుర్తు పెట్టడానికి వెళ్ళినప్పుడు మిషనక్క అధ్యక్షులవారిని ఒక్క మాట అడిగింది.

"చెట్టు కొట్టేస్తే నేనెక్కడ కూర్చోవాలి సార్? ఎండలో కుట్టలేను. కళ్ళు బైర్లు కమ్ముతాయి."

"నువ్వెక్కడికీ పోనక్కర్లేదమ్మా. ఇక్కడే ఉంటావు, శాశ్వతంగా!" అన్నారాయన చేయి ఊపుతూ.

ఆమె నమ్మింది. చెట్టు పడిపోయాక అదే చోట మూడు గంటలు కదలకుండా కూర్చుని రంపం మాస్టారికి నమూనా ఇచ్చింది. చెవులకు డిప్పలు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని ఆయన మొద్దు చుట్టూ తిరుగుతుంటే, పొట్టు కాలనీ అంతా ఎగిరింది. రెండు రోజులు మా ఇంట్లో పెరుగులో కూడా పొట్టే.

నిజం చెప్పొద్దూ, బొమ్మ అద్భుతంగా కుదిరింది. సూది మీద నిలిపిన చూపు, బట్టను తోస్తున్న వేళ్ళు, ముందుకు వాలిపోయిన మెడ. పదకొండేళ్ళు ప్యాంట్లు ఇచ్చి పుచ్చుకున్నాను గానీ, మిషనక్క మెడ అంతగా వంగిపోయిందని నాకు ఆ కర్రను చూశాకే తెలిసింది.

వెళ్తూ వెళ్తూ రంపం మాస్టారు జాగ్రత్తలు రాసిన కాగితం ఒకటి ఇచ్చి, నోటితోనూ చెప్పాడు. "ఎండ సూటిగా తగలనివ్వకండి. నేల తడి అంటనివ్వకండి. ఏడాదికి రెండుసార్లు నూనె పట్టించండి. సన్నగా పగుళ్ళు వస్తే కంగారు పడకండి, కర్ర గుణమే అంత. ప్లాస్టిక్ మాత్రం కప్పొద్దు. దానికి గాలి ఆడాలి."

ఎండ తగలకూడదంటే నీడ కావాలి. పార్కు అంతా వెతికినా నీడ దొరకలేదు. ఉన్న ఒక్క నీడనూ మేమే బొమ్మగా మార్చుకున్నాం. అందుచేత శిల్పానికి పెంకుల కప్పుతో చక్కని షెడ్డు వేయించి, చుట్టూ ఎర్రతాడు కట్టించి, పదిహేను మందితో శిల్ప సంరక్షణ ఉపసంఘం ఏర్పాటు చేశాం.

మర్నాడు మిషనక్క తన మిషను మోసుకొచ్చి షెడ్డులో ఓ మూల పెట్టుకుంది. కార్యదర్శిగారు పరుగున వెళ్ళారు.

"ఇది శ్రమను గౌరవించే చోటమ్మా. ఇక్కడ పని చేస్తూ కూర్చుంటే ఏం బాగుంటుంది?"

"శాశ్వతంగా ఇక్కడే అన్నారు కద సార్?"

"ఉన్నావుగా!" అని బొమ్మను చూపించారు.

ఆమె కాసేపు బొమ్మను చూసి, మిషను ఎత్తుకుని ప్రహరీగోడ పక్కకు వెళ్ళిపోయింది. అక్కడ నీడ పొద్దున కాసేపే ఉంటుంది. తర్వాత మిషను ఇనుము ముట్టుకుంటే చుర్రుమంటుంది. వారానికి రెండు రోజులు తలనొప్పితో రావడమే మానేసింది. షెడ్డులో రెండు గజాల చోటిప్పించమని అర్జీ పెట్టుకుంది. ఉపసంఘం దాన్ని కూలంకషంగా పరిశీలించింది. శిల్పం పక్కనే సజీవ నమూనా ఉండటం వల్ల సందర్శకులకు ఏకాగ్రత చెదురుతుందనీ, పైగా సదరు నమూనా మునుపటికన్నా నల్లబడి, చిక్కిపోయి, శిల్పంతో పోలిక తప్పిందనీ తేల్చి అర్జీని తిరస్కరించింది.

శిల్పం విషయంలో మాత్రం ఎక్కడా లోటు రానివ్వలేదు. నూనె మంచిదని ఒక వర్గం, వార్నిషు మంచిదని ఒక వర్గం భీష్మించుకోవడంతో, ఎవరి మనసూ నొప్పించకుండా రెండూ పూశాం. ఏడాదికి రెండుసార్లు పూయమంటే నెలకు రెండుసార్లు పూశాం. వానలు మొదలవగానే దళసరి ప్లాస్టిక్ షీటు చుట్టి బిగించి కట్టాం. ఫోనులో ఈ సంగతి విన్న రంపం మాస్టారు "గాలి ఆడాలని చెప్పాను కదండీ!" అని లబలబలాడాడు. ప్రాణం లేని దానికి గాలెందుకని అధ్యక్షులవారు ఆయన్ని మందలించి ఫోను పెట్టేశారు.

ఉత్తమ కళాభిమాన కాలనీ బహుమతికి న్యాయనిర్ణేత వస్తున్నారని కబురొచ్చాక షీటు విప్పాం. లోపల తెల్లగా బూజు. కార్యదర్శిగారు మెడ తుడవబోతే తల ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. రంపం మాస్టారికి మళ్ళీ ఫోను చేస్తే, కుళ్ళిన కర్రకు అతుకు నిలవదు, కొత్త మొద్దు కావాలన్నాడు. మా దగ్గర ఇంకో చెట్టు లేదు. న్యాయనిర్ణేత రావడానికి మిగిలింది ఒక్క పూట.

అప్పుడు అధ్యక్షులవారు స్వయంగా ప్రహరీగోడ దాకా నడిచి వెళ్ళారు.

"కాసేపు షెడ్డులో కదలకుండా కూర్చోవాలమ్మా. కాలనీ పరువు నీ చేతుల్లో ఉంది."

"మిషనుతోనే కదా సార్?"

"మిషనుతోనే."

"అయితే కూర్చుంటా" అంది మిషనక్క, ఇంకేమీ అడగకుండా.

కుళ్ళిన బొమ్మను షెడ్డులోంచి తీసేసి, ఆమె ముఖానికీ చేతులకూ గోధుమరంగు పూసి ఆ చోట కూర్చోబెట్టాం. న్యాయనిర్ణేతగారు ఎర్రతాడు ఇవతల, మేం వేసిన కుర్చీలో ఆసీనులై చాలాసేపు తిలకించారు. పైన పెంకులు, చల్లటి గాలి. ఎనిమిది నెలల తర్వాత దొరికిన నీడలో మిషనక్క కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. ఇక పట్టుబడ్డామనుకున్నాం.

"ఆహా!" అంటూ న్యాయనిర్ణేతగారు లేచి నిలబడ్డారు. "ఎన్నో శిల్పాలు చూశాను. ఇంత సజీవంగా ఉన్నదాన్ని ఎక్కడా చూడలేదు. శ్రమజీవి ముఖంలో ఈ హాయి చూశారా? ఇది వాస్తవంలో కనిపించదు. శిల్పి ఊహ! శ్రమ పట్ల ఈ కాలనీ ప్రజల హృదయంలో ఎంత ఆర్ద్రత ఉంటే ఇలాంటి కళ పుడుతుంది!"

మొదటి బహుమతి మాకే వచ్చింది. కొందరికి కళ్ళు చెమర్చాయి. అందులో నేనూ ఒకణ్ణి. ఆయన కారు గేటు దాటగానే కార్యదర్శిగారు మిషనక్క భుజం తట్టి, "ఇక లేమ్మా, ఎంతసేపు కూర్చుంటావు" అన్నారు. ఆమె లేచి మిషను ఎత్తుకుంది. కొత్త మొద్దు దొరికేదాకా షెడ్డులోకి ఎవరూ రాకుండా ఎర్రతాడు ఇంకాస్త బిగించి కట్టాం.

నిన్న మధ్యాహ్నం ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి ప్రహరీగోడ దగ్గరికి వెళ్ళాను. ఎండ మాడ్చేస్తోంది. మిషనక్క తలకు తడిగుడ్డ చుట్టుకుని కుడుతోంది. పక్కన షెడ్డు ఖాళీగా, చల్లగా ఉంది. నాకు మనసు కలుక్కుమంది. ఊరుకోలేక అడిగేశాను.

"ఇంత ఎండలో ఎందుకక్కా, ఎక్కడైనా నీడ చూసుకుని కూర్చోకూడదూ?"

ఆమె తలెత్తలేదు. ప్యాంటు అందుకుని, "ఎంత తగ్గించమంటారు సార్?" అంది.

మనం మంచి చెప్పినా వీళ్ళకు ఎక్కదు. మీరూ ఎప్పుడో ఒకప్పుడు చెప్పే ఉంటారు, మీకూ తెలుసు.