అచ్చం చెరువు రంగు

సెలవు రోజు కదా, పదింటిదాకా ముసుగుతన్ని పడుకుందామనుకున్నారు డ్రాయింగు మాస్టారు. ఎనిమిదికే దాహమేసింది. కళ్ళు నులుముకుంటూ వచ్చి ఫ్రిజ్ తలుపు లాగారు. తలుపు అరలో ఉన్న తెల్లటి ప్లాస్టిక్ సీసా జారి కింద పడింది. మూత ఊడింది, గచ్చంతా నీళ్ళు. సీసా మీద భార్య చేతిరాత చూశాక నిద్రమత్తు మొత్తం దిగిపోయింది.

భార్య నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఊరి నడిమధ్యనున్న చెరువును బాగుచేసే పని రెండేళ్ళుగా ఆవిడ నెత్తినే ఉంది. మురుగు కాలువలు మళ్ళించి, గుర్రపుడెక్క పీకించి, ఆవిడ పడ్డ తంటాలు అన్నీ ఇన్నీ కావు. ఇవాళ ఆఖరి పరీక్ష. ఇందులో తప్పితే మూడింటికల్లా చెరువు పూడ్చే కాగితం మీద పెద్ద ఇంజనీరు సంతకం పడుతుంది, ఆ స్థలంలో కార్లు నిలబెడతారు. మట్టి లారీలు అప్పుడే వచ్చి గట్టు మీద కాచుకుని ఉన్నాయి. ఆవిడ తెల్లవారకముందే చీకట్లో వెళ్ళి శాంపిల్ పట్టుకొచ్చి, చల్లగా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టి స్నానానికి వెళ్ళింది.

"ఏవండీ, ఏంటా చప్పుడు?" లోపలినుంచి కేకేసింది.

"ఏం లేదు, గిన్నె పడింది!"

నిజం చెప్పి నాలుగు తిట్లు తింటే అక్కడితో పోయేది. ఆయనగారికి అంత బుద్ధి ఎక్కడిది! చెరువుకు వెళ్ళిరావడానికి అరగంట పడుతుంది, ఆవిడ బయటికి రావడానికి అయిదు నిమిషాలు. గచ్చు గబగబా తుడిచి, గాజుగ్లాసులో ఫిల్టరు నీళ్ళు పట్టి వెలుతురుకు ఎత్తి చూశారు. మరీ తేటగా ఉన్నాయి. చెరువు నీళ్ళు ఎక్కడైనా ఇలా ఉంటాయా? ఇరవై ఏళ్ళు రంగులు కలిపిన చెయ్యి ఊరుకోలేదు. ఆకుపచ్చ ఒక చుక్క, పసుపుపచ్చ అర చుక్క, కుంచె కొసతో కాస్త గోధుమరంగు. అచ్చం చెరువే! అలా గ్లాసుకు గ్లాసు కలిపి సీసా నింపి, మూత బిగించి యథాస్థానంలో పెట్టేశారు. భార్య హడావిడిగా సీసాను ఐసుపెట్టెలో వేసుకుని వెళ్ళిపోయింది.

పదకొండింటికి ఆవిడ ఫోన్ చేసింది.

"చెరువులో ఎవరో ఏదో కలిపేశారండీ! నీళ్ళు పచ్చగా ఉన్నాయి. అందులో ఎంత రాగి ఉందో చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. పెద్ద ఇంజనీరు మూడింటిదాకా ఎందుకు, పన్నెండుకే సంతకం పెట్టేస్తానంటున్నారు."

"అది కాదు, నేను పొద్దున..."

"ఆయన పిలుస్తున్నారు, ఉంటా."

మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మాస్టారు ఆకుపచ్చ రంగు గొట్టాన్ని తిప్పి చూశారు. వెనకాల చీమతలకాయంత అక్షరాల్లో రాగి అని ఉంది. రంగుల పెట్టె చంకన పెట్టుకుని, కాలికో రకం చెప్పు తొడుక్కుని పరిగెత్తారు.

ఆయన రొప్పుకుంటూ ల్యాబు తలుపు తోసేసరికి పెద్ద ఇంజనీరు పెన్ను మూత తీస్తున్నాడు. ఎదుట భార్య తలొంచుకుని కూర్చుంది.

"ఆగండి సార్! ఆ రంగు చెరువుది కాదు, నాది!"

జరిగింది విని ఇంజనీరు జాలిగా నవ్వాడు. "మీ ఆవిడ కోసం మీ తాపత్రయం నాకు అర్థమైంది మాస్టారూ. కానీ చెరువు రంగు ఇంత అచ్చంగా ఎవరైనా కలపగలరా?"

ఎవరైనా కలపగలరా అంటాడా! మాస్టారికి రోషం పొడుచుకొచ్చింది. బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు లాక్కుని, మూడు రంగులూ కలిపి, శాంపిల్ గ్లాసు పక్కన పెట్టారు. ఏది ఏదో పోల్చుకోవడం ఎవరి తరమూ కాలేదు.

ఇంజనీరు రెండిటినీ మార్చి మార్చి చూశాడు. "భేష్. అయితే ఇన్నాళ్ళూ వచ్చిన మంచి రిపోర్టులు కూడా మీ వంటింట్లో తయారైనవేనన్నమాట."

మాస్టారు రెండు చేతులూ అడ్డంగా ఊపారు. "అయ్యయ్యో, లేదు సార్! ఇదొక్కటే!"

"దొరికినవాళ్ళంతా అలాగే అంటారు."

భార్య అప్పుడు తలెత్తింది. "పచ్చరంగే ఎందుకు కలిపారు?"

"చెరువు నీళ్ళు పచ్చగానే కదా ఉంటాయి?"

"మీరు చెరువును ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

మాస్టారు ఆలోచించారు. రెండేళ్ళ పైమాటే. ఆవిడ రోజూ చెరువు సంగతులు చెబుతూనే ఉంది, ఆయన ఊకొడుతూనే ఉన్నారు.

"ఆ పచ్చదనం పోయి ఎనిమిది నెలలైంది" అంది ఆవిడ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఖాళీ సీసా ఒకటి తీసుకుని లేచింది. "రండి సార్. ఈసారి మీ కళ్ళముందే పడతాను."

గట్టు దగ్గర లారీలు అప్పుడే ఇంజన్లు ఆన్ చేసి బుసలు కొడుతున్నాయి. ఇంజనీరు ఒక చేత్తో కాగితం, ఒక చేత్తో పెన్ను పట్టుకుని నీళ్ళ మీదికి వంగాడు.

"ఏదీ, ఏం మారిందని ఇక్కడ..." అంటుండగానే పెన్ను జారి బుడుంగున మునిగింది. "అయ్యో, నా పెన్ను! ఇంకెక్కడ దొరుకుతుంది!"

"అదిగో సార్" అంది భార్య వేలు చూపించి.

మనిషిలోతు నీళ్ళ అడుగున, ఇసుకమీద పెన్ను తళతళలాడుతోంది. దాని క్లిప్పు కూడా స్పష్టంగా కనిపిస్తోంది. ఒక బుల్లి చేప వచ్చి దాన్ని మూతితో పొడిచి చూసి వెళ్ళింది. లారీ డ్రైవర్లు కూడా దిగొచ్చి వంగి చూశారు.

ఇంజనీరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. "లారీలు వెనక్కి పొమ్మనండి. ఈ శాంపిల్ మాత్రం నా ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టండమ్మా."

ఆవిడ గట్టుమీదే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. మాస్టారు పక్కన కూర్చుని, తిడుతుందేమోనని కాసేపు ఎదురుచూసి, తిట్టకపోయేసరికి ఇంకా భయపడ్డారు. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది, చెరువు గట్టెక్కింది.

మాస్టారి ఇరవై ఏళ్ళ చేతిపనిలో అసలుకీ నకలుకీ తేడా లేదని నలుగురూ ఒప్పుకున్నది ఆ ఒక్క గ్లాసునే; దాన్ని ల్యాబువాళ్ళు నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థాల డబ్బాలో పోశారు.