ఎడమ షూలో కుట్ర

“ఈ లోకంలో ఇంకా విడని చిక్కుముడి ఏదైనా ఉందంటే, అది ఇంకా నా దాకా రాలేదనే అర్థం,” అని మా బావ ప్రకటించాడు. ప్రకటించి, ఛాతీ విరుచుకుని లేచాడు. ఆయనతో పాటు స్టూలు కూడా లేచింది. జిగురు పూసి ఆరబెట్టిన షూ సోలు మీద అరగంట నుంచీ కూర్చున్నాడు మహానుభావుడు.

“కూర్చునే ముందు చూసుకోవద్దా బావా?”

“చూసుకునే కూర్చున్నాను. స్టూలు మీద సోలు పెట్టడం ఏ శాస్త్రంలో ఉంది మరదలా? ముందది చెప్పు.”

మా బావంటే మా అక్క మొగుడు. ఇరవై రెండేళ్లు ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్లు చదివి, కిందటేడు రిటైరయ్యాడు. “మీటర్లు చదివినవాణ్ణి, మనుషుల్ని చదవలేనా?” అంటూ ‘డేగకన్ను, రహస్య పరిశోధకుడు’ అని కార్డులు అచ్చేయించుకున్నాడు. రహస్యం కదా అని వాటి మీద చిరునామా వేయించలేదు. ఇంట్లో ఉంటే బీరువా మీద వేలిముద్రలు వెతుకుతున్నాడని, మా అక్క పొద్దున్నే కాఫీ పోసి ఆయన్ని నా కొట్టు మీదికి తోలేస్తుంది. “నీకూ కాస్త తోడుగా ఉంటారే” అంటుంది పైగా. తోడు సంగతి దేవుడెరుగు, ఆయన్ని కనిపెట్టుకుని ఉండటం నాకు రెండో ఉద్యోగమైంది.

మొదటి ఉద్యోగం ఆడవాళ్ల షూలు బాగుచెయ్యడం. కొట్టు మా నాన్న పెట్టింది. రెండు కుట్టు మిషన్లు, ఒక అరగదీసే చక్రం, గోడకి వరసగా కొయ్య పాదాలు, కిటికీ పక్కన నా బల్ల. వచ్చే పనిలో సగం సినిమా స్టూడియోదే. అది పోతే తలుపులు మూసుకుని, నేనూ బావతో కలిసి వేలిముద్రలు వెతుక్కోవాల్సిందే.

ఆ రోజు బల్ల మీదున్న జత మామూలుది కాదు. వెండి రంగు తోలు, పెన్సిలంత సన్నటి మడమ, లోపల పట్టులాంటి మెత్తటి అస్తరు. పరదేశంలో పేరు మోసిన కంపెనీ వాళ్లు చేత్తో కుట్టి పంపినవి. వాటిని ముట్టుకోవడానికి నేను రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. ఎవరివంటారా? వారం రోజులుగా ఏ టీవీ పెట్టినా ఆవిడ మొహమే. ఏడేళ్లు చిలకాగోరింకల్లా తిరిగిన పెద్ద హీరోగారూ, ఈ హీరోయిన్‌గారూ విడిపోయారు. ఎందుకో ఎవరికీ తెలీదు. ఒక ఛానెల్ వాళ్లు అతని తల్లి వల్లన్నారు, ఇంకో ఛానెల్ వాళ్లు ఆవిడ కుక్క వల్లన్నారు. కారణం తెలిసేదాకా మా వీధి వీధంతటికీ అన్నం సహించేలా లేదు.

స్టూడియోలో డ్రస్సులు చూసే పెద్దావిడ ముందురోజు సాయంత్రం ఈ జత తెచ్చింది. “రేపు ఆరింటికి అవార్డుల సభ. విడిపోయాక మేడమ్ ఒంటరిగా బయటికి రావడం ఇదే మొదటిసారి. కాలు కాస్త తడబడిందా, కుంగిపోయిందని ప్రపంచమంతా చాటేస్తారు. ఐదింటికల్లా నాకు అందాలి. ఇందులో తేడా వస్తే స్టూడియో పని మాల్‌లో కొత్త షాపుకి పోతుంది తల్లీ, ఆపడం నా చేతుల్లో లేదు,” అని చెప్పి వెళ్లింది.

నిజానికి పని చిన్నదే. కుడి షూ మడమ కింద బిళ్ల ఒక పక్కకి అరిగి ఊడిపోయింది. అంత సన్నటి బిళ్ల నా దగ్గర లేదు, తెచ్చుకోవాలి. ఈలోగా మా బావ భూతద్దం తీశాడు.

“కుడిదే ఎందుకరిగింది?” అన్నాడు కళ్లు చికిలించి. “ఆవిడ కుడిచేత్తో ఏదో బరువు మోస్తోంది. తుపాకీ అయ్యుంటుంది.”

“హ్యాండ్‌బ్యాగు అయ్యుండొచ్చుగా.”

“అవును. అందులో తుపాకీ.”

“బావా, నేను నాలుగు వీధులవతలకెళ్లి బిళ్ల తెచ్చుకుంటాను. నీకు దణ్ణం పెడతాను, బల్ల మీదవేవీ ముట్టుకోకు.”

“నేరస్థలంలో ఏదీ ముట్టుకోకూడదని నువ్వు నాకు పాఠం చెప్తున్నావా?”

“ఇది నేరస్థలం కాదు, నా కొట్టు.”

“నేరం జరిగేదాకా ఏ స్థలమైనా అంతే,” అన్నాడు గంభీరంగా.

నేను వెళ్లేసరికి బిళ్లలమ్మే అతను సరుకంతా నేలమీద పోసుకుని సర్దుకుంటున్నాడు. నాక్కావలసిన బిళ్ల ఆ గుట్టలో దొరికేసరికి రెండు గంటలు పట్టింది. తిరిగొచ్చి చూస్తే కొట్టు షట్టరు సగం దింపి ఉంది. వంగి లోపలికి దూరాను. బావ పెదాల మీద వేలు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

“నెమ్మదిగా మాట్లాడు. మన మీద నిఘా ఉంది.”

“ఎవరిది?”

“అది తేలాలి. ముందు ఇది చూడు.” కుడి షూ తిరగేసి నా చేతికిచ్చాడు. “ఇక్కడ ముప్పై ఎనిమిది అని ఉందా? ఎడమదాని మీద ముప్పై ఏడున్నర అని ఉంది. ఇది జత కాదు మరదలా. జతలా నటిస్తున్న రెండు షూలు.”

బంగారు రంగులో చీమ తలకాయంత అంకెలు. నిన్నటి నుంచీ మడమనే చూస్తూ కూర్చున్నాను గానీ నేనవి చూడనే లేదు. పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నదాన్ని, సిగ్గేసింది.

“అసలు ఎడమ షూని ఎవరో మార్చేశారు,” బావ గొంతు లోతుకి దిగింది. “చిన్న షూతో ఆవిడ తూలాలి. కెమెరాల ముందు పడాలి. దానివల్ల ఎవరికి సంతోషం? విడిపోయిన హీరోగారికి. ఎంత పకడ్బందీగా పన్నాడో చూశావా?”

“అది సరే, ఎడమది ఏది?” బల్ల మీద లేదది.

“కుట్రని భగ్నం చేశాను,” అంటూ గోడవైపు చూపించాడు.

షూలు వెడల్పు చేసే కొయ్య పాదం ఒకటుంది నా దగ్గర. మర తిప్పినకొద్దీ అది విచ్చుకుని తోలుని సాగదీస్తుంది. రోజుకి అరచుట్టు కంటే ఎక్కువ తిప్పకూడదు. ఆ వెండి షూ దానికి తొడిగి ఉంది. మర మొదలంటా తిరిగిపోయి ఉంది.

“ఎంతసేపైంది బావా?”

“నువ్వలా వెళ్లావు, నేనిలా బిగించాను. తోలు మెత్తబడుతుందని ఆ సీసాలో మందు కూడా పోశాను.”

“ఎంత?”

“సీసా ఖాళీ.”

తోలు ఒకసారి సాగిందంటే సాగిందే, బతిమాలినా వెనక్కి రాదు. నాన్న ముప్పై ఏళ్లు నిలబెట్టిన పేరు రెండు గంటల్లో గంగలో కలిసిందనుకుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “నా కొంప ముంచావు బావా,” అన్నాను.

“నీ కొంప నిలబెట్టాను. అన్నట్టు, ఆ డ్రస్సులావిడకి ఫోను కూడా చేశాను. షూలో కుట్ర ఉంది, మీ మేడమ్ ప్రాణానికి ముప్పు, మిగతాది ఫోనులో చెప్పకూడదు అని పెట్టేశాను.”

ఆయన్ని తిట్టడానికి తీరిక లేదు. షూని కొయ్య పాదం మీంచి తీశాను. కుడిదానికి బిళ్ల కొట్టి, ఎడమదాని లోపల పెట్టడానికి పల్చటి తోలు కత్తిరిస్తూ కూర్చున్నాను. వదులు కొంచెమైనా కనపడకుండా ఉంటుందేమోనని ఆశ. కత్తెర రెండుసార్లు పక్కకి పోయింది.

అప్పుడు షట్టరు కింద నుంచి ఎవరో ఆడమనిషి వంగి లోపలికొచ్చింది. తలంతా చుట్టుకున్న స్కార్ఫు, సగం మొహం కప్పేసే నల్ల కళ్లద్దాలు.

“నేరం చేసినవాళ్లు నేరస్థలానికి తిరిగొస్తారు,” అని నా చెవిలో గొణిగి, బావ ఆవిడకి స్టూలు చూపించాడు. “కూర్చోండి. మీ పేరు?”

“అవసరమా?”

“దాస్తున్నారన్నమాట.” నోటుపుస్తకంలో రాసుకున్నాడు. “నిన్న రాత్రి ఏడింటికి ఎక్కడున్నారు?”

“టీవీలో.”

“ఎవరైనా చూశారా?”

“ఓ కోటిమంది చూసుంటారు.”

“కోటి...” అని సున్నాలు రాసుకుంటున్నాడు మా బావ. ఆవిడ కళ్లద్దాలు తీసింది. నా చేతిలో కత్తెర జారి నేలమీద పడింది.

“మేడమ్,” అన్నాను లేచి నిలబడి. బావ తలెత్తి చూశాడు. పెన్ను ఆగిపోయింది.

“ప్రాణాలకు ముప్పని ఫోను చేసింది మీరేనా?” అంది ఆవిడ నవ్వుతూ. “అదేమిటో నేనే కనుక్కుందామని వచ్చాను. మా ఇంటి గేటు ముందు వారం నుంచీ కెమెరాలు. ఇక్కడ ప్రాణానికి హాయిగా ఉంది. ఇవేనా నా షూలు? ఒకసారి వేసుకుని చూస్తాను.”

“ఎడమది ఇంకా కాలేదు మేడమ్,” అన్నాను. నా మాట ఆవిడకి వినపడేలోపే షూ కాలికెక్కింది. నేను కళ్లు మూసుకున్నాను.

టిక్కుటిక్కుమంటూ అడుగులు మిషన్ల దాకా వెళ్లాయి. అక్కణ్ణుంచి షట్టరు దాకా వచ్చాయి. మళ్లీ మిషన్ల దగ్గరికెళ్లి ఆగిపోయాయి.

“ఈ ఎడమదాన్ని ఏం చేశారు?” అంది మెల్లగా.

నా కొట్టు, నా పూచీ, నేనే ఒప్పుకుందామని నోరు తెరిచాను. ఈలోగా బావ ముందుకొచ్చాడు. ఛాతీ విరుచుకోలేదు. గొంతు మార్చలేదు. నోటుపుస్తకం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“అమ్మా, ఈ పిల్లకేమీ తెలీదు. అప్పుడు కొట్లో కూడా లేదు. ముట్టుకోవద్దని చెప్పి మరీ వెళ్లింది. నేనే తెలివితక్కువగా సాగదీశాను. నా తప్పే. ఈ పిల్ల పని మాత్రం తీసెయ్యకండి.”

ఆవిడ ఆయన్నే చూస్తూ స్టూలు మీద కూర్చుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కాసేపటికి చూస్తే కళ్లల్లో నీళ్లున్నాయి.

“ఏడేళ్లయింది, ఎడమ కాలిని కరవని షూ వేసుకుని,” అంది. “మొదటిసారి హీరోగారు నాకు బహుమతిగా చేయించినప్పుడు, ఆ కంపెనీ పెద్దాయన స్వయంగా వచ్చి పాదాలు కొలిచాడు. ఆ కొలత వాళ్ల పుస్తకంలో ఉంది. అప్పట్నుంచీ ప్రతి జతా దాని ప్రకారమే వస్తుంది. ఎడమ పాదం చిన్నదట నాకు. నొప్పిగా ఉందని హీరోగారితో అంటే, ‘ప్రపంచంలోనే గొప్పవాడు కొలిచాడు, ఆయన తప్పు చేస్తాడా? నీ కాలిదే తప్పు’ అనేవారు. ఒక్క కాలి విషయమే కాదులెండి. ఎక్కడ నొప్పి అన్నా అదే జవాబు. చివరికి నేనూ అదే నమ్మాను.”

నాకేదో అనుమానమొచ్చింది. “ఆ కంపెనీ పెద్దాయన కొలిచేటప్పుడు మీరెలా ఉన్నారు మేడమ్?”

“సోఫాలో కూర్చున్నాను. ఎడమది కొలవడం అయ్యాక ఎవరో పెద్దమనిషి వస్తే లేచాను. కుడిది అలా నిలబడే కొలిపించుకున్నట్టున్నాను.”

నాకు ఒక్కసారి ఊపిరాడింది. కూర్చున్నప్పుడు పాదం ఒకలా ఉంటుంది, నిలబడితే ఒంటి బరువు పడి పరుచుకుంటుంది. మా నాన్న ఎంత గొప్పింటివాళ్లు వచ్చినా ముందు లేచి నిలబడమనేవాడు. నేలమీద కాగితాలు పరిచి, షూలు విప్పించి ఆవిణ్ణి వాటిమీద నిలబెట్టి, రెండు పాదాల చుట్టూ పెన్సిలు గీశాను. ఒక కాగితం తిరగేసి రెండోదాని మీద పెట్టి కిటికీ వెలుగుకి పట్టుకున్నాను. గీత మీద గీత కూర్చుంది.

“రెండూ సమానమేనా?” అంది.

“సమానమే మేడమ్. ఎడమ కాలు నొప్పని మీరు ఇన్నేళ్లూ బరువంతా కుడికాలి మీద మోపారు. అందుకే ఆ బిళ్ల అరిగింది. మీ కాలికి ఏ లోపమూ లేదు.”

ఆవిడ ఆ కాగితాలు రెండూ తీసుకుని చాలాసేపు చూసింది. వారం రోజులుగా ఛానెళ్లన్నీ తవ్వుతున్న కారణం నా బల్ల పక్కన, పెన్సిలు గీతల్లో దొరికింది. దాన్ని బయటికి లాగిన డిటెక్టివుకి మాత్రం ఇంకా ఏమీ అర్థమైనట్టు లేదు.

“అయితే హీరోగారు షూ మార్చలేదన్నమాట,” అన్నాడు నీరసంగా.

“లేదండీ.”

“మీ దగ్గర తుపాకీ?”

“అదీ లేదండీ,” అంది ఆవిడ. ఈసారి కడుపారా నవ్వింది. షూలు సంచిలో పెట్టుకుని, స్కార్ఫు చుట్టుకుంటూ నాతో అంది, “ఇంట్లో ఇంకా నలభై జతలున్నాయి. ఎడమవన్నీ రేపట్నుంచి మీకే పంపిస్తాను. కానీ మీరే చెయ్యాలి, ఆయన్ని దగ్గరికి రానివ్వకండి.” షట్టరు దాకా వెళ్లి బావవైపు తిరిగింది. “ఏమండీ, ఏడేళ్ల తర్వాత ఒక మగమనిషి నోట ‘నా తప్పే’ అన్న మాట విన్నాను. చాలా సంతోషం.”

సాయంత్రం బావా, నేనూ కొట్లోనే కూర్చుని ఫోనులో చూశాం. ఎర్ర తివాచీ ఈ చివర్నుంచి ఆ చివరికి ఆవిడ నిటారుగా, తీరిగ్గా నడిచింది. ఎవరో మైకు చాపి ఎందుకు విడిపోయారని అడిగారు. “నడవడానికి బాగుంది,” అనేసి లోపలికెళ్లిపోయింది. రేపటి నుంచి ఆ మాటకి అర్థం ఏమిటని ఛానెళ్లు ఇంకో వారం కొట్టుకుంటాయి.

ఈలోగా ఉండబట్టలేక అక్కకి ఫోను చేసి, బిళ్ల దగ్గర్నుంచి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. హీరోయిన్ మా కొట్టుకి వచ్చిందన్నా అక్క “ఊఁ” అంది. విడిపోయిన కారణం ఇదీ అన్నా “ఊఁ” అంది. బావ ముందుకొచ్చి ‘నా తప్పే’ అన్నాడని చెప్పగానే అవతల నిశ్శబ్దం.

“అక్కా, ఉన్నావా?”

“మీ బావేనా అన్నది?”

“బావే. నా చెవులారా విన్నాను.”

“ఏమే,” అంది అక్క కంగారుగా, “ఒకసారి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూడవే. ఒళ్లు కాలుతోందేమో.”