తొంభై నాలుగు డిగ్రీల చలి

చలికాలంలో చలి సహజమేననీ, అయితే దాన్ని అభివృద్ధికి అడ్డు రానిచ్చే ప్రసక్తే లేదనీ మంత్రివర్యులు చర్లలో ప్రకటించారు. అడవి అంచున వాగు మీద కట్టిన ఇనుప వంతెనను జనవరి ఎనిమిదిన స్వహస్తాలతో ప్రారంభిస్తామన్నారు. సభలో కొందరు చేతులు వెచ్చబడటానికే చప్పట్లు కొట్టారని గిట్టనివాళ్లు అన్నారు. వాళ్ల మాట మనకెందుకు?

ఆ వంతెనకు రంగు వేసే పని షాలేమ్‌రాజుది. మణుగూరు గనుల్లో ఇరవై ఏళ్లు ఇనుముకు రంగు వేసిన మనిషి. అతను వేసిన పూత పెచ్చు లేచిందని ఎవరూ అనలేదు.

ఇనుము తుప్పు పట్టకుండా పూసే ఎపాక్సీ ప్రైమర్ రంగు డబ్బాలు ఏడో తారీకు మధ్యాహ్నం దాటాక దిగాయి. వారం నుంచి ఎండ మొహం చూసింది లేదు. షాలేమ్‌రాజు డబ్బా మీద రాసింది చదివి వంతెన పని చూసే ఏఈ పూల్‌సింగ్ దగ్గరికి వెళ్లాడు.

"పది డిగ్రీల కన్న తక్కువుంటే వెయ్యొద్దని రాసిండ్రు సార్. చలికి గట్టిపడదు, జిగట జిగటనే ఉంటది. ఎండొచ్చినంక వేద్దాం."

"ఎండకు ప్రోటోకాల్ లేదు రాజూ. మంత్రిగారికి ఉంది."

అయినా పూల్‌సింగ్ శాస్త్రాన్ని గౌరవించే అధికారి. వెంటనే దవాఖానాకు జీపు పంపి థర్మామీటరు తెప్పించాడు. దాన్ని ఇనుప రెయిలింగుకు ఆనించి, రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టి చూశాడు.

"తొంభై నాలుగు! వాళ్లు పది చాలంటుండ్రు. ఇంకేంది నీ బాధ?"

"అది జ్వరం చూసేది సార్. దాంట్ల తొంభై నాలుగు కన్న కింద గీతలే లెవ్వు."

"లేని గీతల గురించి మనకెందుకయ్యా?" అంటూ పూల్‌సింగ్ ఆ అంకెను రిజిస్టరులో రాసి, కింద సంతకం చేశాడు.

షాలేమ్‌రాజు కుంచె ముట్టలేదు. అవతలి గూడెం జంపక్క అక్కడే నిలబడి ఇదంతా వింటోంది.

"రేపు తెరవకపోతే మల్ల ఎప్పుడు తెరుస్తరు సారూ?" అని అడిగింది.

"మంత్రిగారి డేటు దొరకాలె. వానలు పోయినంక చూద్దాం."

జంపక్క షాలేమ్‌రాజు వైపు తిరిగింది. "పోయినేడు పెద్దకోడల్ని మంచం మీద వాగు దాటిస్తిమి బిడ్డా. దవాఖానాకు పొయ్యేసరికి కడుపుల పిల్ల లేదు. ఇప్పుడు చిన్నదానికి నెలలు నిండినయి."

షాలేమ్‌రాజు కుంచె అందుకున్నాడు. రంగులో గట్టిపరిచే మందు కలిపి, చీకటి పడేలోపు వంతెన అంతా పూత వేశాడు. చెడిపోతుందని తెలిసీ చేసిన పని ఇరవై ఏళ్లలో అదొక్కటే.

మర్నాడు మంత్రివర్యులు వచ్చారు. వంతెన తడితడిగా తళతళలాడుతోంది.

"ఏం మెరుపయ్యా!" అన్నారు.

"నాణ్యత సార్" అన్నాడు పూల్‌సింగ్.

మంత్రివర్యులు రిబ్బను కత్తిరించారు. తెల్లబూట్ల దృష్ట్యా వంతెన ఎక్కకుండా ఒక చామంతి పువ్వు విసిరారు. అది పడ్డచోటే అతుక్కుపోయింది. గాలికి పువ్వు కూడా కదలనంత దృఢంగా కట్టారని మెచ్చుకుని వెళ్లిపోయారు.

కార్లు కనుమరుగయ్యాక పూల్‌సింగ్ రెండు వైపులా తాడు కట్టించి 'తడి రంగు. నడవరాదు' అని బోర్డు పెట్టించాడు.

"ప్రారంభం అయినంక నడవొద్దా సార్?"

"ప్రారంభం వేరు రాజూ, వాడకం వేరు."

మూడు గంటలకు అవతలి గట్టున మంచం కనిపించింది. మంచం మీద జంపక్క చిన్నకోడలు. మోస్తున్న నలుగురూ బోర్డు చూసి నీళ్లలోకి దిగబోయారు. షాలేమ్‌రాజు ఇవతలి తాడు విప్పి, తన రంగును తానే తొక్కుకుంటూ అటు పరుగెత్తాడు. సగంలో చెప్పులు అతుక్కుపోతే వదిలేశాడు.

"పైకెక్కుండ్రి!" అని అరుస్తూ అవతలి తాడు కూడా విప్పి, మంచానికి ఒక పక్క భుజం పట్టాడు.

"గవర్నమెంటు పెయింటు!" అని పూల్‌సింగ్ ఇవతలి నుంచి కేకలేశాడు. ఆయన జీపు డ్రైవరు మాత్రం ఎవరినీ అడగకుండా బండి స్టార్ట్ చేశాడు.

చర్ల దవాఖానాలో ఆడపిల్ల పుట్టిందని, తల్లీబిడ్డా బాగున్నారని తెల్లారేసరికి కబురొచ్చింది. షాలేమ్‌రాజు వంతెన దగ్గరికి వెళ్లేసరికి పూల్‌సింగ్ కెమెరాతో వంగి, పూతలో పడిన అడుగులను ఫొటోలు తీస్తున్నాడు.

"నన్ను పనిలకెళ్లి తీసేస్తరా సార్?"

"తీసుడేంది? నువ్వు దేవుని లెక్క ఆదుకున్నవ్. జనం వాడుతున్నరని ఫొటోల్తోని యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపమని హైదరాబాద్ నుంచి అడుగుతుండ్రు. గింతకన్న సాక్ష్యం ఏముంటది?"

ఒక్కో అడుగూ చూసుకుంటూ వెళ్లినవాడు చివర్లో ఆగిపోయాడు.

"రాజూ, మంచం మోసినోళ్లవన్నీ ఇటొచ్చిన అడుగులే. తిరిగి పోయినవేవి?"

"వాళ్లింక దవాఖానాల్నే ఉన్నరు సార్. బాలింత కదా, నాలుగు రోజులు పడుతది."

పూల్‌సింగ్ తలెత్తి ఆకాశం వంక చూశాడు. వారం తర్వాత మొదటిసారి మంచు విచ్చుకుంటోంది.

"జల్దీ తోల్కరా పో! ఎండొస్తుంది. పెయింటు ఆరిపోతది!"