ఆ మోకాళ్ళ బోర్డు రాసింది నేనే

అశోక్ చౌక్‌లో కళ్ళజోళ్ళ దుకాణం పక్కనుంచి పైకి మెట్లున్నాయి. మెట్ల మొదట్లో తెలుగులో ఒక బోర్డు వేలాడుతుంది. "మన మోకాళ్ళు. ప్రతి గురువారం. ఉచితం." పైన మోకాళ్ళ డాక్టరెవరూ లేరు. ఉన్నది మనసు డాక్టరు. ఆ బోర్డు రాసింది నేనే. తెలిసే రాశాను. క్షమాపణ చెప్పను. పైగా ఈ పదేళ్ళలో షోలాపూర్‌లో జరిగిన మంచి పనుల్లో అది మొదటిదని మనవి చేస్తున్నాను!

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, రాజారాం మాస్టారు ఈ పత్రికకు ఉత్తరం రాశారు. "దత్తాత్రి గారికి మరాఠీ రాదు, తెలుగు అంతకన్నా రాదు. 'మన్ మోకళే కరా' అంటే 'మనసు విప్పి చెప్పుకోండి' అని అర్థం. దాన్ని మోకాళ్ళుగా మార్చి తెలుగు జాతి పరువు తీశారు. పైన మోకాలు చూసేవారు ఒక్కరూ లేరు" అని. సంపాదకుడు ఆ ఉత్తరం నా ముందు పెట్టి, సమాధానం చెప్పుకొమ్మన్నాడు. చెప్పుకుంటున్నాను.

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. ఆ తప్పు కనిపెట్టింది నేను కాదు. అంత తెలివి నాకు లేదు. ఆ ఘనత మా తెలుగు నేతగాళ్ళ పేట, దాజీ పేట్‌లో ఉండే సుందరాబాయిది. డెబ్బై ఏళ్ళ మనిషి. నలభై ఏళ్ళు మగ్గాల మోతలో బతికినందువల్ల చెవులు సగమే పనిచేస్తాయి.

కిందటేడు, అంటే తొంభై రెండులో, ఒక ట్రస్టు వాళ్ళు రిక్షాకు మైకు భోంగా కట్టి ఊరంతా చాటించారు. మనసు బాగాలేని వాళ్ళ కోసం పుణె నుంచి డాక్టర్‌బాయి వస్తుంది, "యా, బసా, మన్ మోకళే కరా" అని, అంటే రండి, కూర్చోండి, మనసు విప్పండి అని. ఆ రిక్షా మా గల్లీలోకి వచ్చేసరికి ఎనిమిది ఇళ్ళలో ముప్ఫై పవర్‌లూమ్‌లు నడుస్తున్నాయి. ఆ మోతలోంచి సుందరాబాయి దాకా వచ్చింది రెండే ముక్కలు. ఆ రెండూ ఆమె తెలుగులో విన్నది.

"మన మోకాళ్ళేనట పోరీ," అని ఇంటింటికీ తిరిగి చెప్పింది. "మన మోకాళ్ళకే డాక్టర్‌బాయి వచ్చిందట. ఫుకట్ల జూస్తదట."

ఆ గురువారమే ఆమె ఇరవై రెండు మెట్లూ ఎక్కింది. కుర్చీలో కూర్చుని చీర పైకి జరిపి మోకాలు చూపించింది. డాక్టర్‌బాయి మోకాలి వైపు చూడకుండా, ఎప్పటినుంచి బాధ అని అడిగింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట తన మొగుడు చెప్పాపెట్టకుండా భివండీకి పోయిన రోజు నుంచి అని సుందరాబాయి చెప్పింది. అక్కడితో ఆగలేదు. ముప్పావు గంట చెప్పింది. దిగొచ్చి గల్లీలో అందరికీ ప్రకటించింది.

"చెయ్యి సుత పెట్టలే. గోళీ ఇయ్యలే. సగం తగ్గింది!"

సాయంత్రానికల్లా మరాఠీ వచ్చిన వాళ్ళందరికీ అసలు సంగతి అర్థమైంది. మా పేటలో మరాఠీ రానిదెవరికి? సంతలో, మిల్లులో, కోర్టులో మాకు నడిచేది ఆ భాషే కదా! అయినా సుందరాబాయి తప్పును ఒక్కరూ దిద్దలేదు. ఇంటి పేరులో ఒక్క అక్షరం తప్పు పడితే రేషన్ ఆఫీసు మెట్లు అరిగేలా తిరిగే జనం, దీన్ని మాత్రం అలాగే వదిలేశారు. ఎందుకంటారు?

పాఠకులారా, కాస్త ఆలోచించండి. మనసు డాక్టరు దగ్గరికి వెళ్ళిందంటే ఆ మనిషికి పిచ్చి. ఆ ఇంట్లో అందరికీ పిచ్చి. చెల్లెలి సంబంధం తప్పిపోతుంది. తమ్ముడికి చుట్టాలు దూరమవుతారు. నలుగురు కూర్చున్న చోటికి ఆమె రాగానే మాట ఆగిపోతుంది. అదే మోకాళ్ళ నొప్పి అనండి. "అయ్యో" అంటారు, పీట వేస్తారు, ఆముదం ఇస్తారు. పెళ్ళిలో భోజనానికి కింద కాక బల్ల మీద కూర్చోబెడతారు. మనిషి ఒంట్లో ఇంత మర్యాద ఉన్న భాగం ఇంకోటి చూపించండి!

అందువల్ల నెల తిరిగేసరికి పేటంతటికీ మోకాళ్ళ నొప్పులు పట్టాయి. పెళ్ళయి మూడు నెలలైన కోడలికి పట్టాయి. ఇరవై ఆరేళ్ళ పెంటప్పకు పట్టాయి, అతని మగ్గాలు రెండూ అమ్ముడుపోయిన వారమే. విడీ ఘర్కుల్ కాలనీ నుంచి బీడీలు చుట్టే ఆడవాళ్ళు తొమ్మిది మంది ఒకే సిటీ బస్సులో తొమ్మిది జతల మోకాళ్ళు తెచ్చారు. మా కులపెద్ద నర్సప్ప కూడా మెట్ల మీద కనిపించాడు. ఏమిటి ఇలా అన్నాను. "మా ఇంటిదాని మోకాళ్ళకు మందు తీస్కపోదామని" అన్నాడు. ఆయన భార్య పోయి రెండేళ్ళయింది. నేనూ సరేనన్నాను.

వైద్య శాస్త్రం వాళ్ళు వచ్చి పరిశోధించాల్సిన వింత ఒకటి అక్కడ ప్రతి గురువారం కనిపిస్తుంది. రోగులు మెట్లు ఎక్కేటప్పుడు రెండేసి చొప్పున ఎక్కుతారు. దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుని కుంటుతూ దిగుతారు. కింద చాయ్ హోటలుంది మరి. అక్కడ కూర్చున్న వాళ్ళంతా చూస్తారు.

ఇంతకుముందు మా పేటలో మనసుకు వైద్యం లేదా అని మీరు అడగవచ్చు. లేకేం? ఉంది. ఉచితమే. డాక్టర్లు ఏడుగురు, అందులో నేనొకణ్ణి. కుల సమాజం హాల్లో జంఖానా పరుచుకుని కూర్చునే పెద్దమనుషులం. భార్యాభర్తల గొడవ ఏదొచ్చినా మా దగ్గర మందు ఒకటే. "సర్దుకో బిడ్డా." మొగుడు తాగితే సర్దుకో. కొడితే సర్దుకో. ఇంకోదాన్ని తెచ్చుకుంటే కొంచెం ఎక్కువ సర్దుకో. ఆ మందు మేం ఆడవాళ్ళకే ఇస్తాం, మగవాళ్ళకు పడదు. అది పనిచెయ్యలేదని తిరిగి వచ్చిన రోగికి మళ్ళీ అదే మందు.

మా అమ్మాయి చంద్రభాగ అలా మూడుసార్లు తిరిగి వచ్చిన రోగి.

భివండీలో ఇచ్చాం. సంబంధం చూసింది నేనే. మొదటిసారి వచ్చినప్పుడు చెయ్యి వాచి ఉంది. రెండోసారి పెదవి. మూడోసారి పైకి ఏమీ కనిపించలేదు, అందుకని మరీ తొందరగా పంపించాం. మూడుసార్లూ బస్టాండులో బస్సు ఎక్కించింది నేనే. కిటికీ పక్క సీటు పట్టి, కండక్టరుకు జాగ్రత్తలు చెప్పి మరీ ఎక్కించాను. నాలుగోసారి ఆమె తనే నలుగురి ముందు విడుపు కాగితం రాయించుకుని వచ్చింది. ఆ కాగితం నా చేతికిచ్చింది. నేను దాన్ని పెట్టెలో అడుగున పెట్టి ఇంట్లో చట్టం చేశాను. "ఇగ ఆ మాట ఈ ఇంట్ల ఎత్తొద్దు."

ఎంత మంచి చట్టమో చూడండి! అందరూ పాటించారు. మా ఆవిడ పాటించింది. గల్లీ పాటించింది. చంద్రభాగ అందరికన్నా బాగా పాటించింది. ఏడాది పాటు ఆ అమ్మాయి నోట విన్న మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఉప్పు. నూలు. నీళ్ళొచ్చినయ్. మధ్యాహ్నాలు రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. ఒకసారి చూస్తే నూలు అయిపోయినా రాట్నం తిప్పుతూనే ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. నేను చూసి మగ్గాల గదిలోకి వెళ్ళిపోయాను. నాకు పని ఉండింది.

సుందరాబాయికి మోకాలు సగం తగ్గిన వారం, చంద్రభాగ నా దగ్గరికి వచ్చింది. "బాపూ, నాకు సుత మోకాళ్ళు నొస్తున్నయ్" అంది.

ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నానో చెప్పలేను. మోకాళ్ళు! చట్టానికి భంగం లేదు, పరువుకు భంగం లేదు. వెళ్ళిరా తల్లీ అన్నాను. పైన ఉన్నది ఏ డాక్టరో నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు. అయినా ఇద్దరం మోకాళ్ళ గురించే మాట్లాడుకున్నాం, చలికాలం కదా అని కూడా అనుకున్నాం. అలా ప్రతి గురువారం వెళ్ళేది. రెండు నెలలకు ఒకరోజు వంటింట్లో తల్లీకూతుళ్ళు ఏదో అనుకుని నవ్వడం వినిపించింది. నేను మగ్గం ఆపాను. నవ్వు విందామని ఆపితే నూలు తెగిందేమో అనుకుని ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు.

సరిగ్గా అప్పుడు ట్రస్టు వాళ్ళు మా ఇంటికొచ్చారు. తెలుగు వాళ్ళు ఇంతమంది వస్తున్నారు కనుక తెలుగు బోర్డు పెట్టాలట. పత్రికలో రాసేవాణ్ణి నేనే కాబట్టి రాసివ్వమన్నారు. నేను నిఘంటువు దించి, కళ్ళజోడు తుడిచి, "మానసిక చికిత్సా కేంద్రం" అని గుండ్రంగా రాసి పెట్టాను. రాజారాం మాస్టారూ, మీరు అచ్చంగా కోరిన మాటే. చంద్రభాగ దాన్ని చూసింది.

"గిది పెడితే రేపటి సంది నా మోకాళ్ళు మంచిగైనట్టే బాపూ," అంది. కోపంగా అనలేదు. నీళ్ళొచ్చినయ్ అన్నట్టే అంది. వెళ్ళి రాట్నం ముందు కూర్చుంది.

నేను ఆ కాగితం చించేశాను. ఇంకోటి రాసుకుని ఆ ఇరవై రెండు మెట్లూ ఎక్కాను. డాక్టర్‌బాయికి తెలుగు రాదు, చదివి వినిపించమంది. "మన మోకాళ్ళు" అని చదివాను. మరాఠీ చెవికి అది ఎలా వినపడిందో మీరే ఊహించుకోండి. "అగదీ బరోబర్!" అంది ఆమె, సరిగ్గా కుదిరిందని చాలా సంతోషంగా. ఇంత నిజాయితీగా ఇంత తప్పు అనువాదం చేసినవాడు ఈ జిల్లాలో లేడు.

వెళ్ళబోతుంటే ఆమె కుర్చీ చూపించి, మీరూ కాసేపు కూర్చుంటారా అని అడిగింది. నాకేం, నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి అన్నాను. గోడ పట్టుకోకుండా చకచకా దిగి అందరికీ చూపించాను.

ఇక రాజారాం మాస్టారుకు ఒక చిన్న ప్రశ్న. పైన మోకాలు చూసేవారు ఒక్కరూ లేరని రాశారు. కింద నిలబడి బోర్డు చదివితే ఆ సంగతి తెలియదే! ఎన్నో మెట్టు దాకా వెళ్ళారు సార్? అడగకూడదనుకోండి. అన్నట్టు, మొన్న చౌక్‌లో మీరు కొంచెం కుంటుతూ కనిపించారు. ఆముదం రాయండి.

చివరి సంగతి చెప్పి ముగిస్తాను. పోయిన వారం కరెంటు సెలవు రోజు. పేటలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఆ రోజంటే నాకు మొదట్నించీ భయం, ఇంట్లో మనుషులు మాట్లాడుకుంటే వినిపిస్తుంది. మా ఆవిడ బజారుకు వెళ్ళింది. చంద్రభాగ కండెలు చుడుతోంది. నేను చాలాసేపు అటూ ఇటూ తిరిగి, ఆమె ఎదురుగా నిలబడ్డాను.

"బిడ్డా, నాకు సుత మోకాలు నొస్తున్నదే," అన్నాను.

ఆమె రాట్నం ఆపింది. "ఎప్పటి సంది బాపూ?" అని అడిగింది, అచ్చం డాక్టర్‌బాయి అడిగినట్టే.

"మూడోసారి నిన్ను బస్సు ఎక్కించిన కాడి సంది."

ఆమె చేతిలో పోగు అలాగే ఉంది. దాన్ని కండెకు చుట్టేసింది. తర్వాత కండెల బుట్ట పక్కకు జరిపి చాప మీద చోటు చేసింది.

"ఆ మెట్లు నువ్వు ఎక్కలేవు గని, గీడనే కూసో," అంది. "జెప్పు."

కూర్చున్నాను. వారం వారం మీకింత రాసేవాణ్ణి, ఆ రోజు నాలుగు మాటలు కూడబలుక్కోవడానికి చాలాసేపు పట్టింది. ఆమె తొందరపెట్టలేదు. సర్దుకో అని కూడా అనలేదు.

మాస్టారూ, బోర్డు మార్చమంటే మారుస్తాను. ఆ పూట మా చాప మీద మేమిద్దరం చేసిన పనికి మన ఇళ్ళల్లో సిగ్గుపడకుండా పలికే తెలుగు మాట ఒకటి రాసి పంపండి. అందాకా అవి మన మోకాళ్ళే.