ఎత్తురోడ్డు మీద ఆయాసం

నగర ప్రణాళికా కార్యాలయంలో పనిచేసే అబ్బాయి ఆ ఉదయం కాఫీ గ్లాసు పట్టుకుని, వంటింటి గుమ్మంలోనే తల్లికి శుభవార్త చెప్పాడు. ఇంటికీ కూరగాయల బజారుకూ మధ్య ఉన్న ఎత్తురోడ్డు మీద బెంచీ వేయబోతున్నారు. ఆవిడ మోకాళ్లు ఆ బెంచీ కోసం ఎన్నాళ్లనుంచో ఎదురు చూస్తున్నాయి. రోజూ దర్జీ కొట్టు ముందు ఆగి, గోడ పట్టుకుని, ఊపిరి పీల్చుకుంటే తప్ప ఆవిడ ఇల్లు చేరే ప్రసక్తే లేదు.

"ఎక్కడ వెయ్యాలో మేం చెప్పం, జనమే చెప్పాలి," అన్నాడు. "రేపు పొద్దున మావాళ్లు రోడ్డు పక్కన నిలబడి, ఎవరెక్కడ ఆగుతున్నారో రాసుకుంటారు. ఎక్కువమంది ఆగిన చోట బెంచీ. నువ్వు రోజూ చేసేదే చెయ్యి. ఎవరికీ చెప్పకు."

"నేనెందుకు చెప్తానురా?" అంది తల్లి.

ఆవిడ ఒక్క దర్జీకే చెప్పింది. రోజూ కొట్టు ముందు ఆగుతూ, కొట్టువాడికి చెప్పకపోతే ఏం మర్యాద? దర్జీది జాలిగుండె. "ఈ పని నాకొదిలెయ్యండమ్మా," అన్నాడు. ఆ రోజు బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకీ మెడ కొలత తీస్తూ చెవిలో ఈ కబురు వేశాడు.

మర్నాడు దర్జీ కొట్టు ముందు వీధికి వీధే ఆయాసపడింది. అందరూ కండలవీరుడని పిలిచే వ్యాయామశాల యజమాని మోకాళ్ల మీద చేతులు ఆనించి రొప్పాడు. రిటైరైన లెక్కల మాస్టారైతే రోడ్డు దిగుతూ కూడా ఆగి ఆయాసపడ్డారు.

"మాస్టారూ, మీరు దిగుతున్నారండీ!" అని గొణిగాడు దర్జీ.

"దిగినా నాకు ఆయాసమేనయ్యా, నీకెందుకు?" అని కసిరారాయన.

ఇంతమంది రొప్పుతుంటే ఎవరో పడిపోయారనుకుని, అటు పోయేవాళ్లు బళ్లు ఆపారు. "జరగండి, గాలి ఆడనివ్వండి!" అని ఎవరో అరిచారు. గాలి ఆడనిది ఎవరికో చూద్దామని మరికొందరు తోసుకొచ్చారు. స్కూలు బస్సు ఇరుక్కుపోయింది.

అప్పుడు వచ్చింది అసలు మనిషి, కూరల సంచితో. గోడ దగ్గరికి పోదామంటే సందు లేదు.

"కాస్త జరగండర్రా, నేను ఆగాలి!"

"మీరు వెళ్లండి పిన్నిగారూ, మీ తరఫున మేం ఆగుతున్నాంగా!" అన్నాడు కండలవీరుడు.

పాపం, చేసేదేముంది? పంటి బిగువున ఒక్క ఊపులో ఇల్లు చేరి, మంచం మీద వాలి, మధ్యాహ్నం దాకా లేవలేదు.

సర్వేకి వచ్చిన అమ్మాయి ఉద్యోగంలో కొత్త. చూసింది చూసినట్టు రాసి, సాయంత్రం ఆఫీసులో చదివింది. "దర్జీ కొట్టు ముందు జనం గుమిగూడి రాకపోకలకు అడ్డుపడుతున్నారు. ఎత్తు వల్ల వృద్ధులకు ఇబ్బంది లేదు. డెబ్భై ఏళ్ల పెద్దావిడ ఒకరు బరువు మోస్తూ ఎక్కడా ఆగకుండా ఎక్కేశారు."

అబ్బాయి నోరు తెరిచి, ఆవిడ మా అమ్మేనండీ అనలేక, మూసుకున్నాడు. బెంచీ వద్దు, అక్కడెవరూ నిలబడకుండా గోడ వారగా ఇనుప రెయిలింగ్ వేయించండని పై అధికారి తేల్చేశారు.

గోడ రెయిలింగ్ అవతలికి పోయింది. ఆ ఇనుమును తాకడానికి కూడా ఆవిడకు మనసొప్పలేదు. కొడుకుతో మాటలు మానేసింది. ఏం చెప్పాలన్నా కోడలితోనే. "అమ్మాయ్, మీ ఆయన్ని భోజనానికి రమ్మను. దారిలో రెయిలింగేదైనా అడ్డమొస్తుందేమో, చూసుకుని రమ్మను." ఊరందరికీ దారులు గీసేవాడు, కన్నతల్లికి కాసేపు కూర్చునే చోటు చూపించలేకపోయాడు.

వీధివాళ్లకు మాత్రం ఆ ఒక్క పొద్దుతో అక్కడ కలుసుకోవడం అలవాటైపోయింది. నిలబడే చోటు లేదు కాబట్టి రెయిలింగ్ ఎక్కి కూర్చున్నారు. కండలవీరుడి బరువుకి నెల తిరక్కుండానే అది వంగింది.

"ఆఫీసు సొమ్ము పాడైపోతోందయ్యా! ఎలా ఆపడం?" అని పై అధికారి తల పట్టుకున్నారు.

"దాని ముందు ఒక బెంచీ వేస్తే, ఇక రెయిలింగ్ మీద ఎవరూ కూర్చోరు సార్," అన్నాడు అబ్బాయి నేల చూపులు చూస్తూ.

"శభాష్! ఈ ముక్క ముందే చెప్పవేం?" అంటూ ఆయన సంతకం చేసేశారు.

బెంచీ వేసిన పొద్దున తల్లి సంచి పక్కన పెట్టి కూర్చుంది. మెల్లగా వీపు రెయిలింగ్‌కి ఆనించింది. ఎదురుగా నిలబడ్డ కొడుకుతో, కోడలు దగ్గర లేకపోయినా, మాట్లాడింది.

"చేరగిలపడటానిక్కూడా పెట్టించావుట్రా! నాకు చెప్పనే లేదేం?"

కొడుకు కళ్లు చెమర్చాయి.

ఆఫీసు లెక్క ప్రకారం మాత్రం ఆ బెంచీ కూర్చోవడానికి కాదు, రెయిలింగ్‌కి కాపలా.